పద్నాలుగు ఆర్‌లు, రెండు ఎస్‌లు

కాట్వా
9 అక్టోబర్ 2011

దీదీ శ్రీచరణాలకు,

విజయదశమి ప్రణామాలు. ఫోను చేస్తే నీకెలాగూ వినపడదు. పైగా పెద్దవాళ్లకి విజయ ప్రణామం కాగితం మీదే పంపాలని నాన్న నేర్పాడు కదా, అందుకని ఈ ఉత్తరం. నిమాయ్ ఘోష్ చేతికిస్తున్నాను. రోజూ పొద్దుటి లోకల్ రైల్లో ఛానా, అదే మిఠాయిలకి వాడే పాలవిరుగు, బుట్టలేసుకుని మీ బాగ్‌బజార్ మిఠాయి దుకాణానికే వస్తాడు. సాయంత్రం తిరిగొస్తాడు. పోస్టుమాన్‌కన్నా నయం. కొబ్బరి లడ్డూలు కూడా పంపాను. తక్కువైతే అవి నిమాయ్ కడుపులో ఉన్నాయనుకో.

ఇక్కడ మన మందుల దుకాణం జోరుగా ఉంది. శీతాకాలం ఇంకా రాకముందే ఊరంతా మంకీ టోపీలు దిగాయి. ముక్కు కారితే నా దగ్గరకే, కడుపు ఉబ్బితే నా దగ్గరకే. పాస్ అయిన డాక్టర్ ఎదురుగానే కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. జనం నన్నే డాక్టర్‌బాబూ అంటున్నారు. నేను అనమనలేదు, వద్దనీ అనలేదు.

అసలు విషయం రేబా గురించి. దుర్గాపూజ మూడు రోజులూ పక్కటెముక కింద నొప్పని మెలికలు తిరిగింది. గ్యాసు అనుకుని గ్యాసు మందిచ్చాను. తగ్గలేదు. స్కాన్ తీయిస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయట. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. ముందు జాగ్రత్తగా ఐదు రోజులకి యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. "రాళ్లకి యాంటీబయాటిక్ ఎందుకండీ, అది రాయిని కరిగిస్తుందా?" అని అడిగింది నీ మరదలు. దుకాణం నీదా నాదా అన్నాను. నోరు మూసుకుని మింగింది.

ఆపరేషన్ ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో చేయించనా, కోల్‌కతా తీసుకురానా? నువ్వెలా చెబితే అలా.

నీ తమ్ముడు
హాబుల్


బాగ్‌బజార్, కోల్‌కతా
12 అక్టోబర్

హాబుల్‌కి ఆశీస్సులు.

లడ్డూలు అందాయి. బెల్లం ముదరపాకం పట్టింది రేబా అయ్యుండదు, నువ్వు మధ్యలో గరిటె పెట్టి ఉంటావు. నీకు చేతకాని చోట చెయ్యి పెట్టడం పుట్టుకతో వచ్చిన జబ్బు.

రాళ్లకి యాంటీబయాటిక్ వేసిన మహానుభావుణ్ణి నా అరవై ఎనిమిదేళ్లలో నిన్నే చూశాను. నాలుగుసార్లు కూర్చుని బి.కాం. పాసయ్యావు. మందుల కొట్టు లైసెన్సు మీద ఫార్మసిస్టు పేరు ఇంకెవడిదో ఉంటుంది, వాడు ఏడాదికోసారి వచ్చి మాంసం కూర తిని పోతాడు. ఊళ్లో జనానికి నువ్వు డాక్టర్‌బాబువి! దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మీ ఊరంతా. పిల్లలు చీదితే మాత్రలు, ముసలమ్మ దగ్గితే మాత్రలు. అవి కూడా రెండు విడిగా కత్తిరించి అమ్ముతావు, మూడో రోజుకి జ్వరం తగ్గితే మిగిలినవి తలగడ కింద దాచుకుంటారు. నాకన్నీ తెలుసు.

రేబాని ఆ నర్సింగ్ హోమ్‌లో పెట్టావంటే నీ మొహం చూడను. అది నర్సింగ్ హోమ్ కాదు, కింద బట్టల కొట్టు, పైన కడుపు కోసే కొట్టు. మా ఆసుపత్రికి తీసుకురా. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ఆ ఆడవాళ్ల సర్జికల్ వార్డుని నేను నడిపాను. నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అలా ఉండేది. నేను మానేసి ఎనిమిదేళ్లయినా అక్కడి వాళ్లందరూ నా చేతి కింద తయారైనవాళ్లే. ఈరోజుకీ నేను గుమ్మంలోకి వెళితే ఆయాలు లేచి నిలబడతారు.

ఈలోగా దానికి ఇంకేమీ మింగించకు. మంచినీళ్లు కూడా నన్నడిగి ఇవ్వు.

దీదీ


కాట్వా
9 నవంబర్

దీదీకి ప్రణామాలు.

శనివారం రేబాని క్షేమంగా ఇంటికి చేర్చాను. రైల్లో సీటు దొరికింది. రాళ్లని సీసాలో వేసి ఇచ్చారు కదా, దుకాణంలో పెట్టాను, జనం వచ్చి చూసిపోతున్నారు.

మీ ఆసుపత్రి గురించి రేబా ఏదో గొణుగుతోంది. పక్క మంచం మీద ముర్షిదాబాద్ ఆవిడ ఉండేది చూడు, ఆవిడ పొట్ట కుట్లలోంచి చీము కారేదట. కట్లు కట్టే అతను ఆవిడ దగ్గర వాడిన కత్తెరా పటకారే తెచ్చి తనకి వాడాడట. చేతికి తొడుగు మార్చలేదట. అడిగితే, "అమ్మా, నీ పొట్టా ఆవిడ పొట్టా ఒకటే, బెంగాలీ పొట్టే కదా" అని నవ్వాడట. ఇలాంటివి దీదీకి రాస్తే నొచ్చుకుంటుంది, ఊరుకో అన్నాను. కానీ రాసేశాను, ఏమనుకోకు.

కుట్లు కొంచెం ఎర్రబడ్డాయి. కొంచెం తడి కూడా ఉంది. నేను ఊరుకుంటానా? ఆదివారం నుంచే మొదలుపెట్టాను. మొదటి రకం మాత్రలు మూడు రోజులు. అవి పట్టవని తెలిసిపోయింది, ఇవాళ పొద్దుటి నుంచి ఇంజెక్షన్. దానికీ దిగిరాకపోతే ఇంకా పైది ఉంది. మూడు రోజులకోసారి మార్చెయ్యడమే నా పద్ధతి. మందుకి అలవాటు పడే లోపల ఇంకోటి కొట్టాలి. మొన్న కంపెనీ మనిషి వచ్చి పెట్టెడు శాంపిళ్లిచ్చి పోయాడు, పైగా గోడ గడియారం ఇచ్చాడు.

పుండు వాసన వస్తోందంటుంది రేబా. నాకు రావడం లేదు. నాకు పడిశంగా ఉందిలే.

హాబుల్


బాగ్‌బజార్
11 నవంబర్

ఒరేయ్ హాబుల్,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం అన్నం తినలేదు. చేప వేయించుకున్నది పిల్లికి పెట్టాను.

ముందు ఆ కత్తెర సంగతి. మా వార్డులో అలాంటివి జరగవు. రేబాకి ఆపరేషన్ అయిన రెండో రోజు, మత్తు దిగలేదు, పక్క మంచం కత్తెరో తన మంచం కత్తెరో దానికేం తెలుసు? కట్టు కట్టేది హరధన్. నేను చెయ్యి పట్టి నేర్పించాను వాడికి. పల్లెటూరి మనుషులు పెద్దాసుపత్రికి వస్తే ప్రతిదీ వింతగానే కనిపిస్తుంది. ఇంటికెళ్లి కథలు చెప్పుకుంటారు. ఇంకోసారి ఆ మాట నాకు రాయొద్దు.

ఇక తమరి వైద్యం. శభాష్ డాక్టర్‌బాబూ! మూడు రోజులకో మందు మార్చడమంటే మాటలా! అలాగే కానివ్వు, ఎక్కడా ఆపకు. కొట్లో ఉన్నవన్నీ వరసగా దింపు. నీ చేతి చలవ వల్ల రెసిస్టెన్స్ బ్రహ్మాండంగా పెరుగుతుంది. నీలాంటివాడు ఊరికొకడుంటే చాలు, ఇంక మా ఆసుపత్రులకి పనే ఉండదు.

చీము తీసి పరీక్షకి, కల్చర్‌కి పంపించు. వర్ధమాన్‌లో చేస్తారు. రిపోర్టు రాగానే నాకు తెలియాలి.

దీదీ


కాట్వా
14 నవంబర్

పూజ్యురాలైన దీదీకి,

ఏమని రాయను? యాభై రెండేళ్లలో నువ్వు నన్ను శభాష్ అనడం ఇదే మొదటిసారి. బి.కాం. పాసైనప్పుడు కూడా "ఆఖరికి" అని ఊరుకున్నావు. నీ ఉత్తరాన్ని దుకాణం బల్ల అద్దం కింద పెట్టాను. కోల్‌కతా పెద్దాసుపత్రి సిస్టర్ రాసిందని అందరికీ చూపిస్తున్నాను. స్కూలు హెడ్‌మాస్టరు నిలబడి మొత్తం చదివాడు, కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. కుళ్లుకున్నాడు.

రేబా మాత్రం, "మీ దీదీ మిమ్మల్ని వెక్కిరిస్తోందండీ" అంది. ఆడపడుచు మెచ్చుకుంటే మరదలికి పడదని తెలిసిందే. "నీకేం తెలుసు, రెసిస్టెన్స్ అంటే ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి, రెసిస్టెన్స్ పవర్. దీదీ అదే పెరుగుతుందంది" అని విడమరిచి చెప్పాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

నువ్వు చెప్పినట్టే ఎక్కడా ఆపలేదు. మూడోది అయిపోయింది, ఇప్పుడు నాలుగోది, దానికి తోడు ఇంకోటి. చీము నిన్ననే వర్ధమాన్ పంపాను. కొంచెం జ్వరం ఉంది. ఖర్జూర బెల్లం కొత్తది వచ్చింది, నిమాయ్‌తో పంపుతాను.

నీ మెప్పు పొందిన
హాబుల్


బాగ్‌బజార్
15 నవంబర్

పరితోష్ సర్కార్‌గారికి,

నా ఉత్తరాన్ని అద్దం కింద పెట్టి ఊరందరికీ చూపించి నవ్వుకుంటున్నారన్న మాట. బాగుంది. చెవిటిదాన్ని, పెళ్లిపెటాకులు లేనిదాన్ని, పెన్షన్ తిని ఓ మూల పడున్నదాన్ని, నన్ను ఎగతాళి చెయ్యడానికి మీకు హెడ్‌మాస్టర్లు కూడా కావలసి వచ్చారు. వేళాకోళానికి వేళాకోళం తిప్పి కొట్టడం ఈ వయసులో బాగానే నేర్చుకున్నారు.

నేనింక నోరెత్తను. మీ భార్య, మీ మందులు, మీ ఇష్టం. రిపోర్టు వస్తే పంపండి, చూసి ఊరుకుంటాను. బెల్లం పంపొద్దు.

హిమానీ సర్కార్


కాట్వా
20 నవంబర్

దీదీ,

హాబుల్ అనకుండా నన్ను అసలు పేరుతో, మీరు, గారు అంటూ రాశావేమిటి? నిన్ను పొగిడితే నీకు గిట్టదని మర్చిపోయాను. సరే, ఇంకెవరికీ చూపించను. అద్దం కింద నుంచి మాత్రం తియ్యలేదు.

శుభవార్త. రిపోర్టు వచ్చింది. పదహారు మందుల పేర్లు వరసగా రాసి, ప్రతిదాని ఎదురుగా ఆర్ అనో ఎస్ అనో అక్షరం వేశారు. ఆర్ అంటే రెసిస్టెంట్, కింద వాళ్లే రాశారు. పద్నాలుగు ఆర్‌లు దీదీ! పదహారింటికి పద్నాలుగు! నేను మెట్రిక్‌లో కూడా అన్ని మార్కులు తెచ్చుకోలేదు. నువ్వన్నట్టే రెసిస్టెన్స్ బ్రహ్మాండంగా పెరిగింది. నేను వేసిన ఐదు మందులకీ ఆర్ వచ్చింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

రెండింటికి మాత్రమే ఎస్ అని ఉంది. ఎస్ అంటే సెన్సిటివ్. ఆ రెండూ ఆవిడ ఒంటికి పడవన్న మాట. వేస్తే దద్దుర్లు, వాంతులు, ఏమైనా రావొచ్చు. అందుకని ఎర్ర కలంతో కొట్టేసి, పొరపాటున కూడా ఎవరూ వెయ్యకూడదని దుకాణంలో వాటి పేర్లు కాగితం మీద రాసి అంటించాను. అందులో ఒకటి ఏదో పాతకాలపు ఇంజెక్షన్, పేరు కూడా నేను వినలేదు. ఆర్ వచ్చినవాటిలో అన్నిటికన్నా ఖరీదైనది వర్ధమాన్ నుంచి తెప్పించి నిన్నటి నుంచి ఎక్కిస్తున్నాను.

జ్వరం నూట మూడు. వణుకుతోంది. మందు లోపల పోరాడుతోంది కదా, ఆ మాత్రం ఉంటుంది. కానీ రేబా ఈ మధ్య నాతో పోట్లాడటం మానేసింది, అదొకటి బాగాలేదు. నిన్న మాత్రం, "మీ దీదీని ఒక్కసారి వచ్చి వాసన చూడమనండి, ఆవిడ సిస్టర్ కదా, ముక్కు చెబుతుంది" అంది. ముర్షిదాబాద్ ఆవిడ మంచం దగ్గర కూడా ఇదే వాసనట.

హాబుల్


బాగ్‌బజార్
21 నవంబర్, పొద్దున తొమ్మిది

హాబుల్,

నిమాయ్ మిఠాయి దుకాణం దగ్గరే ఉన్నాడు, ఆపి ఇది రాస్తున్నాను. ఇందులో ఎగతాళి ఒక్క ముక్క కూడా లేదు. ఏ మాటకి ఆ మాట, ఉన్నది ఉన్నట్టు చదువుకో.

రెసిస్టెన్స్ రేబాది కాదు. పురుగుది. చీములో ఉన్న సూక్ష్మజీవి ఆ పద్నాలుగు మందులకీ చావదు అని అర్థం. నువ్వు వేసిన ఏ మందూ పని చెయ్యలేదు. ఇప్పుడు ఎక్కిస్తున్నదీ పని చెయ్యదు. సెన్సిటివ్ అంటే రేబాకి పడదని కాదు. ఆ మందుకి పురుగు చస్తుందని. నువ్వు ఎర్ర కలంతో కొట్టేసిన ఆ రెండే మందులు. ఇంక వేరే ఏవీ లేవు.

ఇందాక కింది ఇంటి మింటూ పెళ్లాం చేత నీకు ఫోన్ చేయించాను. "రెసిస్టెన్స్ చాలా ఉంది, ప్రమాదం అని మీ దీదీ చెప్పమంది" అని ఆ అమ్మాయి అంటే, "అవునమ్మా, చాలా ఉంది, అంతా దీదీ ఆశీర్వాదం" అని పెట్టేశావట. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఇది అందగానే దుకాణం మూసెయ్యి. బండి మాట్లాడుకుని రాత్రికే బయలుదేరు. రైలు కోసం చూడొద్దు. నేను ఆసుపత్రికి వెళ్లి మంచం ఖాళీ చేయించి గుమ్మంలో నిలబడి ఉంటాను. రిపోర్టు కాగితం మర్చిపోకు. కొట్టేసిన పేర్లు కనబడుతున్నాయో లేదో చూసుకో.

దీదీ


ఆడవాళ్ల సర్జికల్ వార్డు నుంచి
28 నవంబర్

హాబుల్,

ఆడవాళ్ల వార్డులో మగవాళ్లని ఉండనివ్వరని నిన్ను ఇంటికి పంపించేశాను గానీ, నిజానికి వరండాలో నువ్వు కూర్చుని తల బాదుకోవడం చూడలేకపోయాను. ఇక్కడ స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ఈ వార్డులో నడిచాను గానీ రోగి పక్కన స్టూలు మీద ఒక్క పూటైనా కూర్చున్న పాపాన పోలేదు. ఇక్కడి నుంచి చూస్తే వార్డు వేరేగా ఉంది.

మొదట రేబా సంగతి. ఆ రెండిట్లో ఒకటి కొద్దిగా పని చేస్తుందని మొదలుపెట్టి, రెండోది, ఆ పాత ఇంజెక్షన్, జత చేశారు. అది ఒకప్పుడు మూత్రపిండాల్ని పాడుచేస్తోందని అందరూ పక్కన పడేసిన మందు. ఇంకేవీ మిగల్లేదు గనక దాన్నే మళ్లీ బూజు దులిపి తెచ్చారు. జ్వరం ఒక డిగ్రీ తగ్గింది. మూత్రం కూడా తగ్గింది. రెండోది మంచి గుర్తు కాదు.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టుకోవలసిన సంగతి. నిన్న పొద్దున హరధన్ బండి తోసుకుంటూ వచ్చాడు. కిటికీ వైపు మొదటి మంచం దగ్గర మొదలుపెట్టాడు. కట్టు విప్పాడు, చీము తుడిచాడు, అదే పటకారు పట్టుకుని రెండో మంచానికి వచ్చాడు. అదే తొడుగు. అదే గిన్నెలో మందునీళ్లు. మూడో మంచం. నాలుగోది రేబాది. నేను లేచి ఎంత గట్టిగా అరిచానో నాకే తెలీదు, చెవిటిదాన్ని కదా. ఆయాలు పరిగెత్తుకొచ్చారు. వాడు మాత్రం తెల్లబోయి నా వైపు చూశాడు. నాకు వినపడాలని దగ్గరకొచ్చి గట్టిగా చెప్పాడు.

"దీదీ, ఎనభై ఎనిమిదిలో మీరే కదా నేర్పారు? ఆరు మంచాలకి ఒక సెట్టు, డాక్టర్లు రౌండుకొచ్చే లోపల అన్ని కట్లూ అయిపోవాలి, ప్రతిసారీ ఉడకబెడుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది, కానివ్వరా అన్నది మీరే కదా?"

అన్నాను హాబుల్. నాకు బాగా గుర్తుంది. ఆ రోజు ఇద్దరు నర్సులు రాలేదు, అరవై మంది రోగులు, పెద్ద సర్జన్‌కి ఆలస్యమైతే కోపం. ఆ ఒక్క రోజుకే అన్నాననుకున్నాను. వాడు ఇరవై మూడేళ్లుగా అదే చేస్తున్నాడు. అందులో పదిహేనేళ్లు నా కళ్లముందే చేశాడు. నేను మాత్రం నేల తళతళలాడుతోందా లేదా అని చూసుకుంటూ తిరిగాను. నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చని గొప్పలు పోయాను. అన్నం నేల మీద ఎవడు తింటాడు!

ఇక డాక్టర్ల సంగతి చెబితే నీ దుకాణమే నయమనిపిస్తుంది. వార్డులో కొత్తగా చేరిన ప్రతి మనిషికీ జబ్బేమిటో తెలియకముందే అందరికన్నా పెద్ద ఇంజెక్షన్ రాసేస్తున్నారు. "ముందు జాగ్రత్తకి, సిస్టర్" అంటాడు ఆ మీసం రాని హౌస్ సర్జన్. వాడు నీకేమైనా చుట్టమా అని అడగబోయాను. ఈ గోడకున్న గడియారం కూడా ఏదో మందుల కంపెనీ ఇచ్చిందే. కుళాయి దగ్గర సబ్బు లేదు. సబ్బు ఎక్కడరా అంటే స్టోరుకి ఇండెంట్ రాసి పెట్టాం అంటారు. చేతులు కడుక్కోవడం మానేసి, ఆ పాపం కడగడానికి మందు మీద మందు పొడుస్తున్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు పుట్టాడు. పురుగులకి మనమే వ్యాయామశాల పెట్టి పోషించాం, పల్లెలో నువ్వు, పట్నంలో మేము.

ఈ వార్డులో రేబా లాంటి రిపోర్టు ఇంకో నలుగురికి ఉంది. నేనడిగితే చూపించలేదు, కేస్ కాగితాలు నేనే తిరగేసి చూశాను. ముర్షిదాబాద్ ఆవిడ పోయిందట. కాగితం మీద గుండె ఆగిందని రాశారు. చచ్చినవాళ్లందరికీ గుండె ఆగుతుంది, అది కూడా ఒక రోగమేనా?

హరధన్‌తో నేను గొడవపడుతుంటే రేబా కళ్లు తెరిచి చూస్తోంది. అంతా అయ్యాక నా చెయ్యి మీద తట్టి పిలిచింది. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "నాకు మత్తు దిగిందని ఇప్పుడు నమ్మారా దీదీ?" అంది. నవ్వింది కూడా.

దీదీ


కాట్వా
30 నవంబర్

దీదీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎక్కడైనా వెక్కిరింపు ఉందా అని వెతుక్కుంటూ చదివాను. ఇప్పుడు నీ మాట ఏది పడితే అది నమ్మలేను కదా.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు ముప్ఫయ్యొక్క సంవత్సరాలు, ముప్ఫయ్యొక్క సంవత్సరాలు అని చెవిలో జోరీగలా పాడావు. నేను బుద్ధిలేనివాణ్ణి, సరే. బి.కాం. గాణ్ణి, సరే. నీకు తెలుసు కదా! రెసిస్టెన్స్ అంటే ఏమిటో నీకు తెలుసు కదా! నవంబర్ పదకొండున ఆ ఒక్క ముక్క మామూలు మాటల్లో విప్పి రాస్తే నీ సిరా అయిపోయేదా? "హాబుల్, మందులు ఆపు" అని మూడు మాటలు. అవి రాయడానికి నీకు చేతులు రాలేదు. శభాష్ అని రాయడానికి వచ్చాయి. చిన్నప్పటి నుంచీ అంతే. లెక్క తప్పు చేస్తే తప్పెక్కడో చెప్పేదానివి కాదు, "భాస్కరాచార్యుడొచ్చాడు" అనేదానివి.

రేబాకి తెలిసింది దీదీ. ఆరో తరగతి చదివిన మనిషికి నీ వెక్కిరింపు తెలిసింది, పక్క మంచం కత్తెర తెలిసింది, వాసన తెలిసింది. రాళ్లకి యాంటీబయాటిక్ ఎందుకని కూడా అడిగింది. నేను దుకాణం ఎవరిదని అడిగాను. నువ్వు మత్తు దిగలేదన్నావు. ఇద్దరం కలిసి నోరు మూయించాం.

దుకాణం రెండు రోజులు తెరిచాను. నిన్న ఒకడు బిడ్డకి జ్వరమని వచ్చి పెద్ద మందు కావాలన్నాడు. ముందు డాక్టర్‌కి చూపించు, ఇవ్వనన్నాను. "ఏం డాక్టర్‌బాబూ, పొగరెక్కిందా?" అని ఎదురు కొట్టుకి పోయి రెండు మాత్రలు కత్తిరించుకుని తెచ్చుకున్నాడు. వెళుతూ వెళుతూ నాకు చూపించి మరీ వెళ్లాడు. నేనేం చెయ్యను? వాడికా అలవాటు చేసింది నేనే. తలుపులు వేసేశాను.

మూత్రం తగ్గితే ఏమవుతుందో రాయలేదు నువ్వు. డాక్టర్లు ఏమంటున్నారో రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక్కటే అడుగుతున్నాను. బతుకుతుందా?

హాబుల్


ఆడవాళ్ల సర్జికల్ వార్డు నుంచి
2 డిసెంబర్, పొద్దున

హాబుల్,

బతకదు.

నిన్నటి నుంచి మూత్రం రావడం లేదు. ఆ మందు ఆపితే పురుగు చంపుతుంది, ఆపకపోతే మందు చంపుతుంది. పెద్ద డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. అతను అబద్ధం చెప్పలేదు, అందుకు అతన్ని గౌరవిస్తున్నాను. ఒక రోజు, లేకపోతే రెండు రోజులు. ఈ మాట మింటూ పెళ్లాం చేత ఫోనులో చెప్పించడానికి మనసొప్పలేదు. నిమాయ్‌ని ఈరోజు సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నం బండికే ఎక్కిస్తున్నాను. ఛానా అమ్ముడుపోకపోయినా ఎక్కుతానన్నాడు.

నువ్వు రాసినవన్నీ నిజం. నీకు తెలియదు, నాకు తెలుసు. తెలిసినది చెప్పే బదులు నిన్ను చూసి నవ్వుకున్నాను, నువ్వు నమ్మావు. నా మాటని అంత పట్టుకున్న మనిషి నాకు ఇంకెవరూ లేరు.

రేబాకి చెప్పలేదు గానీ దానికి తెలుసు. పొద్దున కొంచెం నెమ్మదిగా ఉంటే జుట్టు దువ్వి జడ వేశాను. నిన్ను రమ్మంటోంది. శాంపిళ్లూ ఇంజెక్షన్లూ ఏవీ తేవద్దంది, ఉత్త చేతులతో రమ్మంది. నీ మందుల కొట్టు సంచీ చంకనేసుకుని వస్తే గుమ్మంలోంచే తిప్పి పంపమని నాకు చెప్పింది, నేను సరేనన్నాను.

ఎవరైనా ఆపితే నా పేరు చెప్పకు, భర్తనని చెప్పు. గుమ్మం పక్కన కుళాయి ఉంది. సబ్బు నేను ఇంటి నుంచి తెచ్చి పెట్టాను. మోచేతుల దాకా రెండుసార్లు రుద్దుకుని, తుడుచుకోకుండా ఆరనిచ్చి, అప్పుడు లోపలికి వచ్చి దాని చెయ్యి పట్టుకో.

దీదీ